ఏడో సూది

పొద్దున అంగడి తెరిస్తే ఏడు సూదులు,
రాత్రి మూసేటప్పుడు ఏడు.
మా నాయన ఈ లెక్క
నమాజు కన్నా ముందు నేర్పినాడు.
ఆదోని మార్కెట్ యార్డు వెనక
దూది ఏకి పరుపులు కుట్టేవాణ్ణి, ఫక్కీరప్పను.
నలభై ఏండ్లు లెక్క తప్పలేదు.

పోయిన వానాకాలం తప్పింది.
ఆరే ఉండాయి.
గల్లాపెట్టె కింద, చాప కింద, మిషను పండ్ల సందున
వెతికి వెతికి, రేపు చూద్దాంలే అనుకున్నా.
రేపటికి
వెతకాలన్న సంగతే మర్చిపోయినా.

మూడోనాడు ఎమ్మిగనూరు బస్సులోంచి
దిండు సంకన పెట్టుకొని ఒకామె దిగింది.
తిట్టలేదు.
దిండు బల్ల మీద పెట్టి, దాని పక్కన సూది పెట్టింది.
"నా మనవరాలి చెవి కాడ దొరికిందప్పా" అనింది.
అప్పుడు పట్టిన చెమట
చక్కెర తగ్గితే పట్టే చెమట కాదు.

చక్కెర వచ్చి పదకొండేండ్లు.
వచ్చిన రోజు నుంచి నా తట్ట మీద
ఊరు ఊరంతా పెత్తనం చేసింది.
అన్నం మానెయ్ అన్నాడు బావమరిది.
గుడ్డు వేడి అనింది పిన్నమ్మ.
పెరుగు కఫం, మాంసం మందుకు పడదు, చెనిక్కాయల్లో నూనె...
ఎవరేది అంటే అది మానుకుంటూ వచ్చినా.
చివరికి మిగిలింది జొన్నరొట్టె, ఎర్రకారం, మాత్ర.
మాత్ర మాత్రం మానలేదు.
మా మాబున్ని బతిమాలి కూర వడ్డిస్తే
"నన్ను చంపాలనా?" అని తట్ట తోసిన రోజులుండాయి.
అవి మర్చిపోయింటే బాగుండు.
అవే గుర్తుండాయి.

మర్చిపోయినవి వేరే.
పెద్దకడుబూరు పెండ్లి పరుపుకు
అంచు ఆకుపచ్చా, ఎరుపా?
బయానా ఇచ్చిన మనిషి మొగం ఎట్లుంటాది?
అరికాళ్ళలో చీమలు పారేవి.
తలలో ఏకని దూది, గింజతో సహా ఉండకట్టి.
వయసులే అనుకున్నా.
యాభై ఎనిమిది కూడా ఒక వయసా?

ఆసుపత్రిలో చిన్న డాక్టరమ్మ, తాడిపత్రి పిల్లంట,
ముందే చీటీ రాయలేదు.
"నిన్న పొద్దున ఏం తిన్నావు?"
రొట్టె.
"మధ్యాన్నం?"
రొట్టె.
"రాత్రి?"
చెప్పేందుకు సిగ్గేసి నవ్వినా.
పదకొండేండ్లలో
ఆ మాట అడిగిన మనిషి ఆమె ఒక్కతే.

రక్తం తీసి, రెండ్రోజులకు చెప్పింది,
బి పన్నెండు అడుగంటిందంట.
చక్కెర మాత్ర ఏండ్ల తరబడి మింగితే
కొందరిలో అది లోపలికి ఇంకదంట.
నేనేమో బయటి తలుపుకు కూడా గడియ పెట్టుకున్నా.
గుడ్డులో ఉండాది, పాలల్లో ఉండాది, చేపలో, కార్జంలో ఉండాది.
రొట్టెలో లేదు, కారంలో లేదు,
బావమరిది మాటలో అసలే లేదు.
"మతిమరుపంతా దీనివల్లే అని చెప్పలేను.
చక్కెర ఎగిరి పడతా ఉంటే కూడా మెదడు నలుగుతుంది.
కనబడిన కంతను ముందు కుట్టుకుందాం" అనింది.
కుట్టుకుందాం!
ఆ పిల్ల నా భాష మాట్లాడింది.

మొదట్లో దినం విడిచి దినం సూదిమందు,
తర్వాత వారానికి, ఇప్పుడు నెలకొకటి.
తట్టలో రొట్టె ఉండాది, కానీ ఒంటరిగా లేదు.
ఉడికిన గుడ్డు, గోంగూర పప్పు, గిన్నెడు పెరుగు,
శుక్రవారం కార్జం,
పిడికెడు చెనిక్కాయలు.
పిడికిలి నాది కాదు, మాబున్నిది.
ఆ కాడ మాత్రం రాజీ లేదు.

అన్నీ తిరిగి రాలేదు.
చీమలు తగ్గినాయి, పోలేదు.
బయానా మొగం ఇంకా తేలలేదు.
ఆ పరుపు చుట్టి అటక మీద పెట్టినా,
ఆకుపచ్చ అంచుతో.
ఎరుపని వస్తే విప్పి కుడతా.
నిన్న మిషను ఆపినాక, ఉన్నట్టుండి
మా నాయన ఏకే విల్లు మోత వినబడింది,
మధ్యలో ఆయన దగ్గుతో సహా.
ఎన్నేండ్లయింది ఆ దగ్గు విని!

గల్లా మూసి లెక్కబెట్టినా.
ఏడు.
మళ్ళీ లెక్కబెట్టినా.
సూదులు వచ్చినాయి,
నమ్మకం ఇంకా దారిలో ఉండాది.